కల్దారులో పడి హాలీలో నిలబడ్డ గీత

1949 వేసవిలో నన్ను సూర్యాపేట శాఖకు వేశారు. మాది హైదరాబాదులో ఒక షేర్ల దలాలీ కంపెనీ. ఇప్పుడది లేదు, పేరు చెప్పాల్సిన అవసరమూ లేదు. నా ఉద్యోగం పేరు చార్టు గుమాస్తా. హోదాలో శాఖ మేనేజరుకు కింద, ఊళ్లు తిరిగే ఏజెంట్లకు పైన. సంపాదనలో మాత్రం ఏజెంట్లే నాకు పైన, ఎందుకంటే అమ్మిన ప్రతి షేరు మీదా వాళ్లకు కమీషను ఉండేది.

చార్టు గుమాస్తా ఏం చేస్తాడని ఇప్పటికీ చాలామంది అడుగుతుంటారు. బొంబాయి బజారులో ఒక షేరు ప్రతివారం ఏ ధర దగ్గర ముగిసిందో గళ్ల కాగితం మీద చుక్క పెట్టి, ఆ చుక్కలను కలుపుతూ గీత గీయాలి. పక్కనే పది వారాల సగటు లెక్కగట్టి ఎర్ర సిరాతో ఇంకో గీత గీయాలి. అడుగున, ఆ వారం ఎన్ని షేర్లు చేతులు మారాయో నిలువు కడ్డీలుగా చూపాలి. ధర గీత ఎర్ర గీతకు పైన నడుస్తున్నంత కాలం ఫరవాలేదు. దాన్ని దాటి కిందికి దిగి, దిగిన వారాల్లోనే కడ్డీలు పొడుగైతే, పెద్దవాళ్లు సరుకు వదిలించుకుంటున్నారని అర్థం. ఇది జోస్యం కాదు. ఒక్కోసారి ఉత్తుత్తి భయం కూడా పెడుతుంది. అయినా మార్కెట్టు పడబోయే ముందు హెచ్చరిక ఇవ్వడానికి అంతకంటే నమ్మకమైన పద్ధతి ఆ రోజుల్లో మాకు తెలియదు.

సూర్యాపేటలో మా ఆఫీసు బెజవాడ రోడ్డు మీద, సైకిళ్ల దుకాణం పైన ఉండేది. హైదరాబాదు బస్సులో బొంబాయి పత్రిక పాతబడి వచ్చేది. ముందు గదిలో గోడకు అద్దం బిగించి ఒక చార్టు వేలాడదీశారు. మేము ఆ ప్రాంతంలో ఎక్కువగా అమ్మిన ఒక బట్టల మిల్లు షేరు చార్టు అది. వారపు అంగడికి వచ్చినవాళ్లు మెట్లెక్కి వచ్చి ఆ గీతను చూసిపోయేవాళ్లు. అందులో ఎర్ర గీత ఉండేది కాదు. జనానికి గందరగోళమని మేనేజరు మాణిక్యరావు గారు దాన్ని వెనక గదిలోని చార్టుకే పరిమితం చేశారు. అప్పుడే నేను అభ్యంతరం చెప్పాను. గోడ నీది కాదు అన్నారు.

కొన్నవాళ్లలో కోదాడ దగ్గరి అనంతగిరి ఐలయ్య ఒకడు. గొర్లు కాసే కుటుంబం. అంతకు ముందటేడు గడబిడల్లో మందను ఎవరైనా తోలుకుపోతారని హడలిపోయి, సగం మందను వచ్చిన ధరకు అమ్మేశాడు. ఆ రూపాయలు మా ఏజెంటు చేతిలో పోసి మిల్లు షేర్లు కొన్నాడు. మొదటిసారి ఆఫీసుకు వచ్చినప్పుడు ఎందుకు కొన్నావని అడిగితే చెప్పిన మాట నాకింకా గుర్తుంది: "కాయితమైతే మేత అడగది సారూ. ఎవడూ తోలుకపోడు."

వానలు మొదలైనప్పుడు నన్ను మిర్యాలగూడకు పంపారు. అక్కడ చిన్న ఆఫీసు తెరవాలి. ఇల్లు కిరాయికి చూడడం, బోర్డు రాయించడం, ఆముదాల వ్యాపారులకు షేరంటే ఏమిటో చెప్పడం, వీటితో చాలా వారాలు పోయాయి. బొంబాయి పత్రిక అప్పుడప్పుడు దొరికేది. మిల్లు షేరు దిగినట్టు అందులో చూశాను. సూర్యాపేటకు తిరిగి వచ్చి మెట్లెక్కగానే గోడ చార్టు చూశాను. గీత పడలేదు. చదునుగా, నిబ్బరంగా, వేసవిలో ఎక్కడుందో అక్కడే ఉంది.

నేనే పొరబడ్డానేమో అనుకుని పాత పత్రికలన్నీ తీసి ధరలు సరిచూశాను. వేసవిలో ముప్పై ఆరు రూపాయలు. ఇప్పుడు ముప్పై ఒకటి. చార్టులో మాత్రం రెండు చోట్లా ముప్పై ఆరే. కాసేపటికి తెలిసింది. అప్పటికి మా దగ్గర రెండు రకాల రూపాయలు నడిచేవి. నిజాం సర్కారు హాలీ సిక్కా ఒకటి, ఇండియా సర్కారు కల్దారు ఒకటి. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. బొంబాయి ధరలన్నీ కల్దార్లలోనే వస్తాయి, నేను గీసినంత వరకూ గీత కల్దార్లలోనే ఉంది. నేను మిర్యాలగూడలో ఉండగా ధర ఒక్కసారిగా ముప్పై ఒకటికి దిగిన వారం నుంచి దాన్ని హాలీల్లో గీశారు. ముప్పై ఒక్క కల్దారంటే హాలీల్లో ముప్పై ఆరు. పడిన ధరను పడనట్టు నిలబెట్టారు. చార్టు అంచున "రూ." అని ఉంది, అంతే. ఏ రూపాయో లేదు.

ఒళ్లు మండిపోయింది. చార్టు గీయడం నా వృత్తి. దొంగ తూకం పెట్టే దుకాణదారును ఊరంతా తిడుతుంది. ఇది అంతకంటే నీచం, ఎందుకంటే తక్కెడను పట్టి చూడొచ్చు, ఈ గీతను పట్టి చూడడం కొనేవాడికి రాదు.

మాణిక్యరావు గారిని అడిగాను. ఆయన హైదరాబాదు మనిషి, గొంతు పెంచడం ఎరగరు. జిల్లాల జనం లెక్కంతా హాలీల్లోనే కాబట్టి వాళ్ల సహూలియత్ కోసం, అంటే సౌకర్యం కోసం మార్చానన్నారు. మొదటి నుంచీ హాలీల్లోకి మార్చి గీయొచ్చు కదా, సగంలో ఎందుకు మార్చారని అడిగాను. వెనక గదిలో ఎర్ర గీత కల్దార్లలోనే ఉంది కదా, ధర దాన్ని దాటి దిగి ఎన్నాళ్లైంది అని మళ్లీ అడిగాను. అప్పుడు చెప్పారు, ఏ దాపరికం లేకుండా: "అది దిగిన వారమే మన కంపెనీ తన సొంతానికి ఉంచుకున్న మిల్లు షేర్లు అమ్మకానికి పెట్టింది. అవన్నీ పోవాలంటే కొనేటోళ్లు ఉండాలె గద."

ఆ కొనేవాళ్లలో ఐలయ్య ఉన్నాడని అప్పుడే తెలిసింది. మిగిలిన మంద కూడా అమ్మి మళ్లీ అవే షేర్లు కొనమని ఏజెంటు ఒప్పించాడు. గొర్లు కొనే జగ్గయ్యపేట బేరగాళ్లు కోదాడ అంగడికి వస్తున్నారు. అంగడి మర్నాడే. ఆ మంద పోతే ఆ ఇంటికి ఇంకేమీ లేదు, సెంటు భూమి లేదు.

నేను మేనేజరు అనుమతి అడగలేదు. బస్సెక్కి కోదాడ పోయాను. ఐలయ్య మందను ముందే తోలుకొచ్చి ఊరి బయట ఆపుకున్నాడు. చార్టు గురించి చెప్తే వినలేదు. గోడ మీద అద్దంలో పెట్టినదాన్ని నమ్మాలా, చెమటలు కక్కుతూ బస్సు దిగిన గుమాస్తాను నమ్మాలా? అతని తప్పు లేదు. అప్పుడు గొర్రె ధర తీశాను. నిరుడు జగ్గయ్యపేటలో గొర్రె పన్నెండు కల్దార్లకు పోయి, ఈ ఏడు సూర్యాపేటలో పన్నెండు హాలీలకు పోతే, ధర నిలబడినట్టేనా అని అడిగాను.

"ఎట్ల నిలబడ్డట్టండీ? పన్నెండు కల్దార్లంటే పద్నాలుగు హాలీలు, గొర్రెకు రెండు రూపాయలు పోయినట్టే గదా."

గోడ మీద గీతను కూడా అట్లాగే గీశారని చెప్పాను. గొర్లను వెనక్కి మళ్లించమని తమ్ముడికి సైగ చేశాడు. తర్వాత నా వైపు తిరిగి, కోపం లేకుండానే అన్నాడు: "గది గీసినోళ్లు, మీరు, అంత ఒక్క అర్రలనే కూసుంటరు గద సారూ."

అర్ర అంటే గది. మేమంతా కూర్చునేది ఒకే ఆఫీసులో, అది నిజమే.

మంద దక్కింది. పాత షేర్లు మిగిలాయి. వాటినైనా వెంటనే అమ్మించాలని సూర్యాపేట తీసుకొచ్చాను. అమ్మకం పత్రం మీద వేలిముద్ర వేశాడు. మాణిక్యరావు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వేలిముద్రకు ఊరి పట్వారీ ధ్రువీకరణ కావాలన్నారు. కొన్ననాడు అదే వేలిముద్రకు మా ఏజెంటు సాక్షి సంతకం సరిపోయింది. కొనడానికి ఒక నియమం, అమ్మడానికి ఇంకొకటి! పట్వారీ హుజూర్‌నగరు పోయాడని ఒకసారి, ముద్ర మసకగా ఉందని ఒకసారి, ఐలయ్యను కోదాడకూ సూర్యాపేటకూ మధ్య తిప్పి తిప్పి చంపారు. ఈలోగా కంపెనీ సొంత షేర్లన్నీ పోయాయి. ఆ తర్వాతే ఐలయ్య పత్రం హైదరాబాదుకు కదిలింది. అప్పటికి ధర సగానికి సగం పడిపోయింది.

నేను పెద్ద ఆఫీసుకు ఫిర్యాదు రాశాను. పిలిచారు. ముగ్గురు భాగస్వాముల ఎదుట గోడ చార్టు పరిచారు. వారిలో పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని, ఇందులో ఏ వారం ధర తప్పుగా పడిందో చూపించమన్నాడు. చూపించలేకపోయాను. ప్రతి చుక్కా సరిగ్గానే ఉంది, కొన్ని కల్దార్లలో, కొన్ని హాలీల్లో. అయితే ఫిర్యాదు దేనిమీద అని అడిగాడు. ఐలయ్య పేరు చెప్పాను. ఆ పేరు గలాయన మా ఖాతాదారుల్లో ఇప్పుడు లేరు అన్నారు. లేకపోవడం నిజమే, అమ్మేశాడు కదా. మాణిక్యరావు గారికి ఆ ఏడే ప్రమోషన్ వచ్చింది. నా రాజీనామా పత్రం మాత్రం ఇచ్చిన పూటే ఆమోదించారు, దానికి ఏ ధ్రువీకరణా కావాల్సి రాలేదు.

తర్వాత వేరే కంపెనీల్లో పదవీ విరమణ దాకా చార్టులు గీశాను, కుర్రాళ్లకు గీయడం నేర్పాను. మొదటి పాఠంగా ఎడమ అంచున ఏ కొలతలో గీస్తున్నారో రాయమనేవాణ్ని. అది రాయని కాగితాన్ని చూడకుండా చింపేసేవాణ్ని, వాళ్లు నన్ను చాదస్తుడనుకునేవారు. మార్కెట్టు పడబోతోందని చార్టులో ముందే కనబడుతుందా అని ఇప్పటికీ కొందరు వచ్చి అడుగుతారు. చాలాసార్లు కనబడుతుంది. సూర్యాపేటలోనూ కనబడింది. కనబడింది కాబట్టే ఐలయ్యకు అది కనబడకుండా చేశారు.