రిజిస్టర్లో లేని గదులు

మా మేనమామ మీద నాకు కోపం రాని రోజు లేదు. మంచివాడు కాబట్టే ఈ కోపం. చెడ్డవాడైతే ఎప్పుడో మాట్లాడటం మానేసి హాయిగా ఉండేదాన్ని.

ఆయన నీళ్ల శాఖలో వాల్వులు తిప్పే మనిషి. వీధి మొదట్లో ఉన్న సిమెంటు మూత ఎత్తి, నడుమెత్తున్న ఇనుప తాళంచెవి లోపలికి దించి తిప్పితే ఆ వీధికి నీళ్లొస్తాయి. ముప్పై ఏళ్లుగా ఇదే పని. అందరూ ఆయన్ని నీళ్లాయన అనే పిలుస్తారు. అసలు పేరేమిటని ఎవరైనా అడిగితే మా అత్తయ్య కూడా ఒక్క క్షణం ఆలోచించాలి.

మురుగు కాలవ పక్క వీధి ఆయన రోజూ ఆఖరున తిప్పే వీధి. రోడ్డు మీదికి అరవై రెండు ఇళ్లు కనిపిస్తాయి. వాటి వెనక, రోడ్డుకంటే నాలుగు మెట్లు కిందికి, కాలవ గోడకు ఆనుకుని అద్దె గదులున్నాయి. మొత్తం నలభై ఒకటి. అనుమతి లేకుండా కట్టినవి కాబట్టి వాటికి కుళాయి ఇవ్వకూడదని రూలు. మామయ్య ఆ రూలుతో గొడవ పెట్టుకోలేదు. ముందింటి కుళాయి నుంచి వెనక్కి తనే పైపు లాగి, రిజిస్టర్లో మాత్రం ముందింటి కుళాయి ఒక్కటే రాసేవాడు. పద్నాలుగేళ్లు అలాగే రాశాడు.

"రాస్తే కోసేస్తారు, రాయకపోతే తాగుతారు" అనేవాడు. అప్పట్లో నాకూ అది గొప్పగానే అనిపించింది.

ఆ గదుల్లో ఒకదాంట్లో మిషనమ్మ ఉంటుంది. నడుం కింద చచ్చుబడి ఆరేళ్లయింది. మంచం మీదే చేతి మిషను పెట్టుకుని జాకెట్లు, దిండు గలీబులు కుడుతుంది. కూతురు పొద్దున్నే ప్యాకింగు పనికి పోతే సాయంత్రానికి గాని రాదు. మూడేళ్ల క్రితం కాలవ పొంగినప్పుడు ముందిళ్లకు గడప దాకా వచ్చిన నీళ్లు వెనక గదుల్లో కిటికీ దాకా వచ్చాయి. అందరూ ఎవరి పిల్లల్ని వాళ్లు చంకనేసుకుని పరిగెత్తారు. నీళ్లు మంచం పట్టీ దాటాక మామయ్యకు ఈమె సంగతి గుర్తొచ్చి, వెళ్లి భుజాన వేసుకుని తెచ్చాడు. కొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఈ ఏడాది ఆఫీసువాళ్లకు జ్ఞానోదయమైంది. వరదొస్తే ముందు ఎవరు మునుగుతారు, తమంతట తాము బయటికి రాలేనివాళ్లెవరు అని ఇంటింటికీ లెక్క తీస్తామన్నారు. కాలవలో మట్టం పెరగ్గానే ఆ జాబితా ప్రకారం వ్యాను నేరుగా ఆ గుమ్మాల ముందుకే వెళ్తుందట. విని నేను నిజంగా సంతోషించాను. ఇద్దరు కుర్రాఫీసర్లు ఫోన్లు పట్టుకుని మూడు రోజులు తిరిగారు. ఏ వీధిలో ఎన్నిళ్లున్నాయో తెలియడానికి మామయ్య రిజిస్టరు అడిగి తీసుకున్నారు. ఇంత పక్కాగా రాసిన రికార్డు ఊరు మొత్తంలో లేదని మీటింగులో చప్పట్లు కూడా కొట్టించారు. మామయ్య వారం రోజులు నేల మీద నడవలేదు.

నేను ఆ ఆఫీసుకు ఎదురుగా జిరాక్సు షాపులో పనిచేస్తాను. జాబితా కాపీలకు నా దగ్గరికే వచ్చింది. కాలవ వీధి పేజీ చూసి మామయ్యను పిలిపించాను.

"మామయ్యా, ఇందులో మిషనమ్మ లేదు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. "వెనకవాళ్లు ఎవ్వరూ లేరే" అన్నాడు. అన్నాక అర్థమైంది. నాలుక కరుచుకుని అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు.

మర్నాడు ఆ ఇద్దరాఫీసర్లలో ఒకడి దగ్గరికి వెళ్లాం. కుర్రాడు మర్యాదస్తుడే, కుర్చీ కూడా వేశాడు.

"వెనక నలభై ఒక్క గదులున్నాయి సార్. లేవలేనివాళ్లే ఏడుగురు. నేను చెబుతాను, రాసుకోండి" అన్నాడు మామయ్య.

"ఇంటి నంబరు లేకుండా కంప్యూటర్ తీసుకోదు పెద్దాయనా. మీ రిజిస్టర్లోనే లేవు కదా అవి."

"నాతో వస్తే చూపిస్తాను సార్. పది నిమిషాల నడక."

"నేను చూస్తే సరిపోదండి. కాగితం ఉండాలి. రిజిస్టరు తప్పని మీరే రాసిస్తే అప్పుడు చూద్దాం."

కళ్లముందు మనుషులున్నారంటే కాగితం తెమ్మంటాడు. నాకు ఒళ్లు మండిపోయింది. బయటికొచ్చాక మామయ్య మీద విరుచుకుపడ్డాను.

"రాసిచ్చావో, అయిపోయావు. రెండేళ్లలో రిటైరవుతున్నావు. అత్తయ్యకేం చెబుతావు?"

"మరి ఆవిడకేం చెప్పను?" అన్నాడు, మిషనమ్మ గురించి. "నేను రాయకపోవడం వల్లే కదా జాబితాలో లేకుండా పోయింది."

ఉత్తరం నేనే టైపు చేశాను. పద్నాలుగేళ్లుగా తప్పు రాశానని, ఆ గదుల్లో ఫలానావాళ్లున్నారని, వరద జాబితాలో చేర్చమని. మామయ్య మూడు ప్రతుల మీదా సంతకం పెట్టాడు. ఒకటి పై అంతస్తులో వరద విభాగానికి, ఒకటి కింద నీళ్ల విభాగానికి, ఒకటి తన ఫైలుకి.

పై అంతస్తువాళ్లు జాబితా ఈ ఏడాదికి మూసేశామనీ, వానలు తగ్గాక మళ్లీ తెరుస్తామనీ చెప్పారు. వానలు తగ్గాక ఎందుకో ఆ దేవుడికే తెలియాలి. కింది అంతస్తువాళ్లు మాత్రం ఆగమేఘాల మీద కదిలారు. నాలుగో రోజుకల్లా ఉత్తర్వు వచ్చింది. అక్రమ పైపులు నలభై ఒకటి తొలగించాలి. ఆ వీధి వాల్వులు ఎవరు తిప్పుతారో ఆయనే తొలగించాలి.

ఆయనే తొలగించాడు. పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా, తను బిగించిన పైపులు ఒక్కొక్కటీ విప్పి, నీళ్లు రాకుండా డమ్మీ మూతలు బిగించాడు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని నిలబడి నోటికొచ్చినట్టు తిట్టారు. కుక్కిన పేనులా పడ్డాడు. ఇదంతా వాళ్ల కోసమేనని ఒక్క మాట చెప్పొచ్చు కదా. చెప్పడు. చెప్పినా నమ్మేవాళ్లెవరు?

నీళ్లు లేని గదిలో ఎవరుంటారు? నెల తిరక్కుండా సగానికి సగం ఖాళీ అయ్యాయి. మిషనమ్మ కూతురు ఊరికి నీళ్లు తెచ్చే పెద్ద పైపుకి దగ్గరగా ఉంటే చాలనుకుంది. కాలవ మీది తూము అవతల, మలుపులో ఖాళీ స్థలం ఉంది. అక్కడ పెద్ద పైపు కారుతుంది, బిందెడు నీళ్లకు ఇబ్బంది లేదు. చాలామంది అక్కడే రేకులు కప్పుకున్నారు. ఆ స్థలం వెనక గదులకంటే కూడా పల్లం. కాలవ పొంగితే మొదటి నీళ్లు అక్కడికే వస్తాయి.

ఈ సంగతి చెబుదామని మళ్లీ పై అంతస్తుకు వెళ్లేలోపే నా చేతికి కొత్త రిపోర్టు వచ్చింది, ఇరవై కాపీలు కావాలని. కాలవ వీధిలో వెనక గదులు ఖాళీ అవుతున్నాయనీ, అక్కడ ప్రమాదం బాగా తగ్గిందనీ అందులో ఉంది. ఇరవై కాపీలూ తీశాను. ఒక్కొక్క కాగితం వస్తుంటే చింపేయాలనిపించింది. అయినా తీశాను, నా ఉద్యోగం అది.

ఆ సాయంత్రం మామయ్య, నేను తూము దాటి వెళ్లాం. మామయ్య జేబులో తెల్ల కాగితం, పెన్ను. ఈసారి ఇంటి నంబర్లతో పని లేకుండా, మనుషుల పేర్లే రాసి పెద్దాఫీసరు చేతికిస్తాడట. మొదట మిషనమ్మ రేకుల కిందికి వెళ్లాడు. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఉన్నాయి, మిషను మీద దుప్పటి కప్పి ఉంది.

"చెల్లీ, నీ పేరు, నీ కూతురి పేరు, వయసులు చెప్పు. రాసుకుంటాను."

ఆమె కాగితం వైపు చూసింది. కోపంగా కూడా చూడలేదు.

"రాయకు, అన్నా. పోయినసారి నువ్వు రాశాకే ఇక్కడికొచ్చాం."

మామయ్య పెన్నుకు మూత పెట్టాడు.

"వానొస్తే నువ్వొచ్చి ఎత్తుకెళ్లు. కాగితాలొద్దు" అంది.

"సరే" అన్నాడు.

ఆ సరే వినగానే నాకు ఏడుపొచ్చినంత కోపమొచ్చింది. పక్క రేకుల కింద ఇంకో ముసలాయన, ఆ పక్కన చూపు లేని ఇద్దరు అక్కచెల్లెళ్లు, మా వైపే చూస్తున్నారు. మామయ్యకు యాభై ఎనిమిదేళ్లు. తూము గట్టు ఎక్కడానికే నా భుజం పట్టుకున్నాడు.