మొదటి వాక్యం సారు

అనంతపురంలో డిగ్రీ చదివే రోజుల్లో మాకు ఇంగ్లిషు చెప్పిన సారు చేతిలో ఎప్పుడూ ఎర్ర పెన్ను ఉండేది. ఏ పేరా ఇచ్చినా మొదటి వాక్యం కింద గీత కొట్టి, “అసలు విషయం ఇదే. మిగతావన్నీ దీనికి ఊతం” అనేవారు. మనుషులనూ ఆయన అలాగే చదివేవారు. ఎవరు నోరు తెరిచినా మొదటి వాక్యం విని, గాల్లో వేలితో గీత కొట్టేసేవారు.

మా సీమలో మర్యాద వేరు. సాయం అడగవచ్చినవాడు వానతో మొదలుపెట్టి, పంట మీదుగా, పశువుల మీదుగా నడిచొచ్చి, అసలు మాట లేచి వెళ్లేటప్పుడు చెబుతాడు.

ఒకరోజు మా క్లాసు అమ్మాయి నాయన, కొత్తచెరువు వైపు రైతు, తువ్వాలు చేతబట్టుకుని సారు ముందు నిలబడ్డాడు.

“ఈతూరి గూడా వాన రాలేదు సార్. శెనక్కాయ అంతా ఎండిపాయ...”

సారు వేలు గాల్లో కదిలింది. “వాన సంగతి వ్యవసాయ ఆఫీసులో చెప్పుకోప్పా. ఇది ఇంగ్లిషు డిపార్ట్‌మెంటు.”

రైతు తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

సోమవారం ఆ అమ్మాయి రాలేదు. ఎందుకని సారు అడిగితే, ఆమె పక్కన కూర్చునే పిల్ల లేచింది.

“ఇంట్లో అందరూ, ఆ పాప గూడా, బెంగళూరికి కూలికి పోయినారు సార్. ఆ పాపనైనా ఈడ చదివిద్దామని, హాస్టల్లో సీటు ఇప్పించమని అడగనీకి వాళ్ల నాయన మీ కాడికి వచ్చినాడు. మీరు ఆ మాట దాకా రానీలేదు.”

“అసలు విషయం మొదటే చెప్పాల గదమ్మా!” అని విసుక్కుని, సారు బోర్డు మీద ఆనాటి పాఠం పేరు రాశారు: కారణాలు, ఫలితాలు.