గుండ్రంలో నిలబెట్టిన డాక్టరు

ఊరంతా కాళ్ళు మొక్కే పెద్ద డాక్టరును మండుటెండలో ముప్పావుగంట నిలబెట్టి, ఆయన ఫోను ప్రాణం తీసి, చివరికి చేతిలో పులిహోర పొట్లం పెట్టి పంపిన మనిషి ఈ భూమ్మీద ఉంటుందా అని అడుగుతారు మీరు. ఉంది. నేనే. నేను చెబుతుంటే రాస్తున్న మా కోడలు అప్పుడే నవ్వుతోంది. నవ్వకు, రాయి. అసలు కథ ఇంకా మొదలే కాలేదు.

కరోనా వచ్చిన ఏడాది. అద్దాల మేడలో ఉన్న ఒక కంపెనీ క్యాంటీనులో అన్నం వండేదాన్ని. కంపెనీ వాళ్ళందరూ ఇళ్ళల్లో కూర్చుని పని చేస్తామన్నారు. మరి నేను మా ఇంట్లో కూర్చుని వాళ్ళకు అన్నం వండలేను కదా, పని పోయింది. మా ఆయన పోయి అప్పటికే ఎనిమిదేళ్ళు. అప్పుడు మణికొండలో ఒక సేవా క్లబ్బు వాళ్ళు పని లేని వాళ్ళకు రోజూ మధ్యాహ్నం అన్నం పొట్లాలు పంచుతూ, నన్ను పనిలో పెట్టుకున్నారు. పొద్దున పులిహోర కలపడం, మధ్యాహ్నం వెనక గేటు దగ్గర లైను చూడడం. ఆ పనే మా పొయ్యి, ఆ పనే మా పొగ.

క్లబ్బు అధ్యక్షుడు సుబ్రహ్మణ్యం గారు, గుంటూరు వైపు మనిషి. ఆ డాక్టరు రావడానికి ముందురోజు ఎవడో "నేను కార్పొరేటరు బామ్మర్దిని" అంటే నమ్మి లోపలికి పంపాను. వాడు నాలుగు పొట్లాలు పట్టుకుపోయాడు. అధ్యక్షుడు గారు నన్ను పిలిచి నెమ్మదిగానే చెప్పారు.

"చూడు మల్లవ్వా, ఇంకొక్కడు లైను తప్పి లోపలికొచ్చినా, మర్నాటి నుంచి నువ్వు రానక్కర్లేదమ్మా. దేవుడు దిగొచ్చినా సరే, లైన్లోనే."

దేవుడికి కూడా మినహాయింపు లేదన్నాక ఇక డాక్టరెంత?

మర్నాడు తెల్లారకముందే ముగ్గుపిండితో ఆరడుగులకొక గుండ్రం వేశాను. మనిషికొక గుండ్రం. అదే రోజు లోపల హాల్లో క్లబ్బు మీటింగు. గుంపులో ఎలా మసలుకోవాలో చెప్పడానికి ఎవరో పెద్ద డాక్టరు వస్తున్నారని, ఆయనకు ఎర్ర శాలువా కూడా తెచ్చిపెట్టారు. ఆయన ముందు గేటుకు కారులో రావాలి. కానీ పోలీసులు రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు పెట్టారట. ఆయన కారు దిగి, సందులోంచి నడిచి, సరిగ్గా నా గేటుకు వచ్చాడు.

మూతికి మాస్కు, మెడలో తాడుకు పేరు బిళ్ళ. మెడలో బిళ్ళ చూసి పోల్చుకోవాల్సింది అంటారేమో. ఇది సైబరాబాదు. ఇక్కడ మెడలో బిళ్ళ లేనిది కుక్కలకే. ఉద్యోగం ఊడిన పిల్లలు కూడా బిళ్ళ తీయకుండానే వచ్చి నా లైన్లో నిలబడేవాళ్ళు. దాని మీద రాసింది చదవడం నాకు రాదు.

"ఏంది సారు, ఎక్కడికి? గుండ్రంల నిలబడు."

"అమ్మా, నేను మాట్లాడటానికి వచ్చానండి."

"మాట్లాడుడే బంద్ ఈడ. తుంపర్లు పడతై."

"అది కాదమ్మా, నేను డాక్టర్ని."

"నిన్న ఒకడు కార్పొరేటరు బామ్మర్దినన్నడు. నువ్వు జర తక్కువే చెప్పినవ్."

"నేను గెస్టునమ్మా!"

"ఈడ అందరు గెస్టులే సారు. నేనొక్కదాన్నే కూలిదాన్ని. పో, ఆ చివరి గుండ్రం ఖాళీ ఉంది."

వెనక గుండ్రాల నుంచి "అన్నా, మేం గంట నుంచి నిలబడ్డం, నువ్వేంది లొల్లి?" అని అరుపులు. పాపం, ఆయన జేబులోంచి ఫోను తీసి "మీ అధ్యక్షుడు గారు పంపిన మెసేజీ, చూడండి" అని నా చేతిలో పెట్టాడు. చేయి మారిన వస్తువును కడగాలని క్లబ్బు వాళ్ళే నేర్పారు. నా దగ్గర బ్లీచింగు నీళ్ళ సీసా ఉంది. కోడికి మసాలా పట్టించినట్టు అటూ ఇటూ తిప్పి ఆ నీళ్ళు కొట్టాను. ఫోను రెండుసార్లు కన్ను కొట్టి, పూర్తిగా మూసింది. ఆయన దాని వంక చూశాడు, నా వంక చూశాడు, నా చేతిలోని సీసా వంక చూశాడు. వెళ్ళి చివరి గుండ్రంలో నిలబడ్డాడు.

కాసేపటికి అధ్యక్షుడు గారు చెమటలు కక్కుతూ గేటు లోపలి నుంచే కేకేశారు.

"మల్లవ్వా! డాక్టరు గారి ఫోను స్విచ్ఛాఫ్ వస్తోంది. ఇటు ఎవరైనా వచ్చారా?"

"డాక్టరెవ్వరు రాలే సారు. ఒకాయన లైను తప్పి లోపటికి వస్తనని పరేషాన్ చేసిండు. పట్టి నిలబెట్టిన."

"శభాష్! వదలకు."

వదల్లేదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారు. నేను పెడతాను, కానీ లైన్లో నిలబెట్టి పెడతాను. గుండ్రం గుండ్రం జరుగుతూ ఆయన నా ముందుకొచ్చాడు. పొట్లం ఇచ్చాను. పొద్దుటి నుంచి దవాఖానలోనే ఉన్నాడేమో, అక్కడే మాస్కు దించి రెండు ముద్దలు తిన్నాడు.

"అమ్మా, పచ్చడి లేదా?"

"రేపు వస్తే పెడత."

అప్పుడే అధ్యక్షుడు గారు రోడ్డు చూద్దామని గేటు బయటికొచ్చారు. వచ్చి కొయ్యబారిపోయారు.

"డాక్టరు గారూ! మీరేంటండీ ఇక్కడ!"

డాక్టరు గారికి నోటినిండా పులిహోర. వేలెత్తి నన్ను చూపించారు.

నా కాళ్ళ కింద గుండ్రం గిర్రున తిరిగింది. ఇక రేపటి పొయ్యి ఆరినట్టే అనుకుని, అధ్యక్షుడు గారు ఆయన్ని హాల్లోకి తీసుకెళ్తుంటే వెనకే వెళ్ళి తలుపు చాటున నిలబడ్డాను. లోపల డాక్టరు మైకు ముందుకొచ్చాడు.

"ఎంత దూరంలో నిలబడాలి, నోరెప్పుడు మూసుకోవాలి అని గంటసేపు చెబుదామని రాసుకొచ్చానండి. అదంతా ఆవిడ బయట నాకే నేర్పించేసింది. ఇక చెప్పడానికేం మిగల్లేదు."

అందరూ చప్పట్లు. ఆయన తనకిచ్చిన ఎర్ర శాలువా తీసుకుని నా దగ్గరికే నడిచొచ్చాడు. "ఇది మీకే దక్కాలమ్మా" అన్నాడు. మర్యాద తెలిసిన ఆడదైతే తల వంచేది. నా నోరు నన్ను అడగలేదు.

"ఆడనే ఆగు సారు! ఆరడుగులు!"

ఆయన ఆగాడు. అధ్యక్షుడు గారు తల పట్టుకున్నారు. శాలువాను కుర్చీ మీద పెట్టి డాక్టరు వెనక్కి జరిగాడు. నేను దాని మీద బ్లీచింగు కొట్టి కప్పుకున్నాను. ఇప్పటికీ ఉంది. ఎరుపు తక్కువ, తెల్ల మచ్చలు ఎక్కువ.

సాయంత్రం అధ్యక్షుడు గారు పిలిచారు. "రేపట్నుంచి నువ్వు గేటు దగ్గర ఉండొద్దమ్మా" అన్నారు. బ్లీచింగు సీసా తీసి ఆయన ముందు పెట్టేశాను. "పూర్తిగా వంటింట్లోనే ఉండు. డాక్టరు గారు ఇంటికి ఇంకో పొట్లం పట్టుకెళ్ళారు. పచ్చడి కూడా వెయ్యమన్నారు."

ఫోనును ఆయన నాకే వదిలేసి వెళ్ళారు. మూడు రోజులు బియ్యం డబ్బాలో పెట్టాను. బియ్యం బాగా ఆరాయి.

కాబట్టి, నా ముగ్గుపిండి మీద ఒట్టేసి చెబుతున్నాను, కోడలా, ఇది పెద్దక్షరాలతో రాయి. ఈ జన్మలో పేరడగకుండా ఎవరినీ గుండ్రంలో నిలబెట్టను. ఫోను చేతికిస్తే కడగను. ఆ డాక్టరే మళ్ళీ వస్తే లైను లేకుండా నేరుగా లోపలికి పంపిస్తాను.

చేతులు కడుక్కున్నాకే.