నాగరత్నమ్మక్క మిరపకాయలూ, నా తెల్లచొక్కా సేవా

ఇరవై ముగ్గురు పెద్దమనుషుల్ని ఒకే గదిలో, ఒక్క దెబ్బ వేయకుండా, ఒక్క చెడ్డ మాట అనకుండా భోరున ఏడిపించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ ఘనుణ్ణి నేనే. అంకెలో అనుమానం వద్దు, ఆ రోజు డైరీలో ఉంది. పదహారో ఏట మొదలుపెట్టిన డైరీ నేను ఒక్కరోజూ మానలేదు.

అప్పుడు నాకు అరవై ఒకటి. అంటే కుర్రతనం. కాలవల ఆఫీసులో రికార్డులు చూసి రిటైరయ్యాను. మేము మోర్మన్ విశ్వాసులం, అంటే క్రైస్తవుల్లో ఒక శాఖ. మావాళ్ళలో రిటైరైన మొగుడూ పెళ్ళాలు కొంతకాలం ఏదో ఒక ఊళ్ళో మిషనరీలుగా ఉండి, సేవ చేసి వచ్చే పద్ధతి ఉంది. నన్నూ నా భార్య సులోచననూ నరసరావుపేట పంపారు. తెల్లచొక్కా, టై, గుండెల మీద పేరు రాసిన నల్లబిళ్ళ. పల్నాడు ఎండలో టై కట్టుకున్న నన్ను చూసి ఏ మందుల కంపెనీ మనిషో అనుకుని, ఒకాయన నడిరోడ్డు మీద పంచె పైకెత్తి మోకాలు చూపించాడు.

"ఇతరులకి సేవ చేయండి, సంతోషం దానంతటదే వస్తుంది" అని చెప్పి పంపారు మమ్మల్ని. నేను పద్ధతిగల మనిషిని కదా, దానంతటదే వస్తే లెక్క తప్పుతుందని డైరీలో గళ్ళు గీశాను. చేసిన సేవ, పట్టిన సమయం, కలిగిన సంతోషం పదికి ఎన్ని మార్కులు. మూడు నెలలైనా మార్కులు రెండు దాటలేదు. సేవ చేయనిస్తేగా! ఒకావిడ బిందె అందుకోబోతే "ఏంది సారూ, బిందె లాక్కపోతన్నావా?" అని కేకలేసింది.

మా ఆదివారం కూటానికి కొత్తముఖం ఒక్కటీ రాలేదు. ఇంతలో హైదరాబాదు నుంచి కబురు. మా మిషనరీలందరి మీదా అజమాయిషీ చేసే పెద్దాయన ఈ ఆదివారం వస్తున్నాడు, కూటం చూసి మమ్మల్ని ఇక్కడే ఉంచాలో వేరే ఊరికి మార్చాలో తేలుస్తాడు.

"ఇప్పుడిప్పుడే నలుగురూ పలకరిస్తున్నారండీ. మళ్ళీ ఇంకో ఊరా?" అని సులోచన కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

శనివారం పక్కింటి నాగరత్నమ్మక్కని బతిమాలాను. డెబ్భై ఏళ్ళ మనిషి, ఒంటరిగా ఉంటుంది.

"రేపు మా కూటానికి రాకూడదా అక్కా?"

"యాడొచ్చేది తమ్ముడూ? పది కిలోల మిరపకాయలున్నయి. తొడిమలు తీసి, కారం పట్టను మరకియ్యాల. చూడు, ఈ చేతి ఏళ్ళు వంగి చావట్లా. ఆ పని కాందే నే గడప దాటను."

"మేం తీస్తాం!" అన్నాను. అబ్బ, దొరక్క దొరక్క దొరికిన సేవ!

ఆదివారం తెల్లవారగానే, కూటానికి తయారై మరీ వెళ్ళి చాప మీద కూర్చున్నాం. అక్క గిన్నెలో నువ్వుల నూనె తెచ్చింది.

"చేతులకి పట్టించుకోండి. లేకపోతే మండి చస్తారు."

సులోచన మోచేతుల దాకా పట్టించుకుంది. నేను వద్దన్నాను.

"చొక్కాకి అంటుతుందక్కా."

"చొక్కా ఇప్పెయ్."

"బిళ్ళ దానికే ఉంది."

"బిళ్ళ బనీనుకి పెట్టుకోవయ్యా, ఎవురు చూడొచ్చారు?"

వినలేదు. రెండు గంటలు వట్టి చేతులతో తొడిమలు తుంచాను. తొడిమలన్నీ ఒకే వైపు తిరిగేలా పేర్చాను కూడా. తరవాత మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నా చేతుల్లో ఏదో వెచ్చదనం. సేవ చేసిన చేతులకి ఇలాగే ఉంటుంది కాబోలని మురిసిపోయాను. డైరీలో తొమ్మిది వేశాను.

మా కూటంలో ఒక ఆచారం ఉంది. మిషనరీ గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతివాళ్ళకీ చెయ్యి కలపాలి. కలిపాను. మామూలుగా కాదు, పెద్దాయన చూస్తున్నాడని రెండు చేతులతో పట్టి ఊపాను. పెద్దాయనకైతే రెండుసార్లు. పిల్లలు నా చేతికి చిక్కకుండా లోపలికి పరిగెత్తారు. వాళ్ళ అదృష్టం.

లోపల కరెంటు పోయింది. అందరికీ ముచ్చెమటలు. చేతుల్తోనే ముఖాలు తుడుచుకున్నారు. తలలు వంచి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ముందు వరసలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. తరవాత రెండో వరస. ఆమెన్ అనేసరికి గదంతా ఏడుపే!

ఎవరైనా లేచి తమ విశ్వాసం గురించి చెప్పుకునే ఆదివారం అది. పెద్దాయన ధారలు కట్టిన కళ్ళతో లేచాడు.

"ఇన్ని హృదయాలు ఒక్కసారిగా కరగడం నేనెప్పుడూ చూడలేదు. ఇది ఎవరి సేవాఫలం?"

అందరూ నావైపు చూశారు, అంటే చూడగలిగినవాళ్ళు. సంగతి నాకు అప్పటికే అర్థమైంది. కానీ మమ్మల్ని ఇక్కడే ఉంచేస్తాడన్న ఆశతో, సిగ్గు లేకుండా వినయంగా తలవంచుకున్నాను. సులోచన డొక్కలో పొడిచింది.

"చెప్పండి!"

"ఉండవే, ముందు మన సంగతి తేలనీ."

అప్పుడు వెనక వరసలో నాగరత్నమ్మక్క లేచింది.

"నేనూ ఒకమాట చెప్పొచ్చా అయ్యా? మీ గుండెలేం కరగలా. అయి మా మిరపకాయలు. నూనె రాసుకో తమ్ముడూ అని మొత్తుకున్నా, ఈ మహానుభావుడు ఇన్లా. ఆ చేతుల్తోనే మీ అందరి చేతులూ పట్టుకుని ఊపాడు. ఇంక కళ్ళు నలపబాకండి, చల్లనీళ్ళు కొట్టుకోండి!"

నేను లేచి, నిజమేనని ఒప్పుకున్నాను. పెద్దాయన నన్ను ఎర్రగా చూశాడు. మరోలా చూడగలిగే స్థితిలో లేడు పాపం.

"మీ విషయం తేల్చేశాను. మీరు ఇక్కడే ఉండండి."

"క్షమించారా అండీ?"

"క్షమాపణ సంగతి తరవాత. ఇక్కడివాళ్ళు పుట్టినప్పటినుంచీ కారం తిన్నవాళ్ళు, తట్టుకున్నారు. మిమ్మల్ని ఇంకో ఊరికి పంపి, ఆ అమాయకుల ప్రాణాలమీదికి తేలేను."

నాగరత్నమ్మక్క పైట నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆపుకోలేక బెంచీ మీద కూలబడి నవ్వింది. ఆ మనిషి అంతలా నవ్వడం మేం చూడటం అదే మొదలు.

ఇంటికొచ్చి ఆకాశం సాక్షిగా, భూమి సాక్షిగా, నా భార్య ముందు రెండు చేతులూ పైకెత్తి ప్రతిజ్ఞ చేశాను. "ఈ జన్మలో మిరపకాయ ముట్టుకున్నరోజు మనిషిని ముట్టుకోను. అడుగు దూరాన నిలబడి దణ్ణం పెడతాను."

"బాగుంది. అలా గాలికి ఎత్తిపెట్టిన చేతులు అలాగే ఉంచండి," అంది సులోచన, "మీ ముక్కు మీద చెమట నేను తుడుస్తాను."

ఆలస్యమైపోయింది. అప్పటికే తుడుచుకున్నాను.