గుజ్జు పెద్దమ్మ వేళ్లు

కాగితం తయారుచేసే షెడ్డులో, కాస్టిక్ సోడా నీళ్లలో ఉడికించి, కడిగి, దంచిన అరటినార మెత్తబడిందో లేదో గుజ్జు పెద్దమ్మ వేళ్లే చెప్పాలి. ముప్పై ఏళ్లుగా చిటికెడు తీసి, బొటనవేలితో రుద్ది, "చాల్లే, ఇక ఆపండి" అంటే ఆ మాటకు తిరుగులేదు. ఇవాళా అలాగే అంది. తీరా చూస్తే, జల్లెడతో తీసిన మొదటి కాగితం నిండా నారముడులే. కాగితం తీసేవాడు నసుగుతూ, "పెద్దమ్మా, ఇంకోసారి చూడవా?" అన్నాడు. ఆమె వేళ్ల వంక చూసుకుంది. ఇన్నేళ్ల సోడా నీళ్లు వేలిగీతలన్నీ తినేశాయి. ఆ గుజ్జును కింది పెదవికి రాసుకుంది. "గరుకే. ఇంకో గంట దంచాలి" అంటూ, నొప్పెడుతున్న నడుముతో తనే రోకలి అందుకుంది.

సాయంత్రం ఇంట్లో మనవరాలు "ఒళ్లు కాలుతోంది అమ్మమ్మా" అంటే, నుదుటి మీద చెయ్యి వెయ్యబోయి ఆగింది. వంగి పెదవి ఆనించింది.

"ఇదేంటి, ఇవాళ ముద్దు పెట్టావు?" అంది పిల్ల.