నాలుగొందల వీడియోలు, ఒక్క సూరయ్య గారు

మా బాబాయి రొయ్యల చెరువు గట్టున, ఇరవై మంది రైతుల ముందు నా పరువు ఎలా మునిగిందో చెబుతాను. నవ్వుకోండి, కానీ మరీ పగలబడి నవ్వకండి. పాపం, అప్పటికి నాకు ఇరవై మూడేళ్లే.

పటమటలో మా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్త. నెట్‌లో వీడియోలను మన కంప్యూటర్‌లోకే దించి దాచి, పేరు కొట్టగానే వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా దొరికింది. ఇక నన్ను పట్టేవాడు లేడు. సరిగ్గా అప్పుడే బాబాయి ఫోను.

"ఒరేయ్, తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలి కొట్టుకుంటన్నాయిరా. ఇట్టాగే ఉంటే పంట పోద్ది. నీ కంప్యూటర్లో దీనికేమన్నా ఉందా?"

"ఉందా ఏంటి బాబాయ్! నీకు పనికొస్తాయనే రొయ్యల మీద నాలుగొందల వీడియోలు దాచా. తెలుగులో కూడా ఒకటి ఉంది."

"ఇక్కడ నెట్టు లేదు కదరా?"

"నెట్టెందుకు? అంతా డబ్బాలోనే!"

నాలుగొందల వీడియోలు చేరినా హార్డ్‌డిస్క్ రవ్వంతైనా నిండలేదు. మీకైతే అనుమానం వచ్చేది. నేను మాత్రం ఈ సాఫ్ట్‌వేర్ ఎంత పొదుపరో అని మురిసిపోయాను. సీపీయూను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, మానిటర్‌ను పక్క సీట్లో కూర్చోబెట్టి కైకలూరు బస్సెక్కాను. కండక్టర్ మానిటర్‌కు కూడా టికెట్ కొట్టాడు.

చెరువు దగ్గర మోటారు షెడ్డులో బాబాయి పిలిచిన రైతులు కిటకిటలాడుతున్నారు. పిన్ని అందరికీ పకోడీలు పంచుతోంది. "మావోడు ప్రపంచాన్నంతా డబ్బాలో పట్టుకొచ్చాడు" అని బాబాయి మీసం దువ్వాడు. 'రొయ్యలు' అని కొట్టాను. పేర్లూ బొమ్మలూ బారులు తీరాయి. అందరూ "ఓహో" అన్నారు. తెలుగు వీడియో నొక్కాను. తెర మీద చక్రం తిరగడం మొదలైంది.

"ఏంట్రా అది, తిరుగుతా ఉంది?"

"వచ్చేస్తుంది బాబాయ్."

"మన ఏరేటరూ అట్టాగే తిరుగుద్ది. దాంతో నీళ్లకు గాలన్నా అందుద్ది."

అప్పుడు వెలిగింది నాకు. డిస్క్ ఎక్కడ నిండిపోతుందోనని మొదట్లో 'వివరాలు మాత్రమే' అన్నచోట నేనే టిక్కు పెట్టాను. అది బొమ్మలూ పేర్లే దాచింది. ఇంట్లో ఆడిన వీడియోలన్నీ నెట్‌లోంచి వచ్చినవే! పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు. నా దగ్గర పేర్లు గొప్ప, వీడియోలు దిబ్బ.

సిగ్గుతో చచ్చిపోయాను. బాబాయి ముఖం చూశాక సిగ్గు పోయి ఏడుపొచ్చింది. ఆయన ఏడాది కష్టమంతా ఆ చెరువులోనే ఉంది.

అంతలో వెనక నుంచి, పక్క ఊరి రైతు సూరయ్య గారు పకోడీ నములుతూ లేచారు. "ఆ తెలుగు వీడియో బొమ్మ కాస్త పెద్దది చెయ్యి బాబూ."

"చేస్తాను గానీ, అది కదలదండీ."

"కదలక్కర్లేదు. అందులో ఉంది నేనే."

షెడ్డంతా ఆయన వైపు తిరిగింది. తెర మీద అదే ముక్కు, అవే చెవులు. మీసం మాత్రం అప్పుడు నల్లగా ఉంది.

"ఎవరో కుర్రాళ్లు కెమెరా తెచ్చి నాతో చెప్పించుకెళ్లారు. నెట్లో పెట్టినట్టు నాకే తెలీదు."

"మరి ఇందాకట్నుంచీ నోరిప్పరేంటండీ?" బాబాయి అరిచినంత పని చేశాడు.

"కంప్యూటర్ చెబుద్దని పిలిచారు కదండీ. మధ్యలో నేనెందుకని పకోడీలు తింటన్నా."

ఆయన గట్టు దిగి, అడుగు మట్టి తీసి వాసన చూశారు. "మేత ఎక్కువై అడుగున కుళ్లిందండీ, రొయ్యకు గాలి చాలట్లేదు. రెండు పూటలు ఆపండి. అడుగు నీళ్లు తీసేసి కొత్తనీళ్లు పెట్టండి. తెల్లారేదాకా ఏరేటర్లు ఆపొద్దు." మూడో రోజుకు రొయ్యలు తేలడం మానేశాయి. బాబాయి నాతో మాట్లాడడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.

కృష్ణమ్మ మీద ఒట్టు. ఇకమీదట నెట్ తీగ పీకి చూడనిదే, దేన్నీ దాచానని ఎవరికీ చెప్పను. ఇంకా ముఖ్యంగా, ఎదుటివాళ్ల నోట్లో పకోడీ పెట్టేముందు, "తమరికేమైనా తెలుసాండీ?" అని అడుగుతాను.