క్యాసెట్టు శ్రుతి

మా బ్యాండ్‌లో మొదట ముగ్గురం. ఆ ముగ్గురిలో ఏ ఇద్దరికీ పడేది కాదు. అయినా ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక పాత ఫ్యాక్టరీ బిల్డింగ్ ఆరో అంతస్తులో, గంటల లెక్కన అద్దెకిచ్చే జామింగ్ రూమ్‌లో కలిసేవాళ్ళం. కింద అంతస్తులో ఎవరో మసాలాపొడులు ప్యాక్ చేస్తారు. మా బ్లూస్‌లో, ఆ పాటలకి ఉండాల్సిన దుఃఖం ఉండేదో లేదో చెప్పలేనుగానీ ధనియాల వాసన మాత్రం ఉండేది.

గిటార్ వాయించేది నలభై ఆరేళ్ళ పెద్దమనిషి. మలేషియాలో, ఈపోలో పుట్టి ఉద్యోగం కోసం పక్కనే ఉన్న ఈ దీవికొచ్చిన తెలుగాయన. మాట తెలుగులో మొదలుపెట్టి, తమిళంలో తిట్టి, మలయ్‌లో ముగిస్తాడు. ఈ ఊళ్ళో నలభై దాటిన ప్రతి మగవాడూ అంకులే. ఈయన్ని మాత్రం 'బ్రో' అనాలట. నేను పనిగట్టుకుని అంకుల్ అనేవాణ్ణి. డ్రమ్స్ వాయించేది ఈ ఊళ్ళోనే పుంగ్గోల్ పేట అమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెబుతుంది, కోపమొస్తే అసలేమీ చెప్పకుండా డ్రమ్ముని కొడుతుంది. నాది బేస్ గిటార్. గుంటూరు నుంచి చదువుకోడానికొచ్చి ఆఫీసులో ఇరుక్కుపోయాను.

మాకో ఆనవాయితీ ఉండేది. వాయించేముందు ఒక్కొక్కరూ ఒక పాట తేవాలి. కొత్తగా దొరికిందో, పాత ఇష్టమో. రూమ్‌లో స్పీకర్ మీద అది మొదలైతే అయిపోయేదాకా ఎవరూ నోరెత్తకూడదు. అయ్యాక తీర్పు. అంకుల్ తీర్పు ఎప్పుడూ ఒకటే, చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి.

"ఇది నేను ఈపోలోనే విన్నా లా. నువ్వు పుట్టకముందే."

ఒకసారి ఆ ముందు శుక్రవారమే విడుదలైన పాట తెచ్చాను. అది కూడా ఈపోలో విన్నాడు.

రెండో ఆనవాయితీ ఆయనది. శ్రుతి చూపించే ట్యూనర్ వాడకూడదు, అది చెవిటివాళ్ళ కోసమట. సంచీలోంచి ఒక టేప్‌రికార్డర్ తీసి క్యాసెట్ పెట్టేవాడు. వాళ్ళ నాన్న ఎప్పుడో రేడియోలోంచి రికార్డ్ చేసిన బ్లూస్ పాట. ఆయనకి ప్రాణం. దాన్ని వింటూ తీగలు సరిచేసుకోవాలి. రెండేళ్ళు అలాగే సరిచేసుకున్నాను. ఆ శ్రుతి కాస్త బరువుగా, నిద్రమత్తులో ఉన్నట్టుండేది. బ్లూస్ అంటే అదే కాబోలనుకున్నాను.

నాలుగోవాణ్ణి నేనే తెచ్చాను, లిటిల్ ఇండియాలో. ఆదివారం జనం మధ్య గడ్డిలో కూర్చుని మౌత్ ఆర్గాన్ వాయిస్తున్నాడు. సిక్కోలు మనిషి, దీవి పడమటి కొసన తువాస్ షిప్‌యార్డ్‌లో ఫిట్టరు, ముప్ఫై ఐదేళ్ళుంటాయి. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడట. డార్మిటరీ గదిలో పన్నెండుమంది. నైట్ షిఫ్ట్ వాళ్ళు పగలు పడుకుంటారు, డే షిఫ్ట్ వాళ్ళు రాత్రి పడుకుంటారు. మౌత్ ఆర్గాన్‌కి మాత్రం షిఫ్ట్ దొరకలేదు.

మొదటి ఆదివారం రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చాడు. తను తెచ్చిన పాట పెట్టాడు. గిటార్ లేదు, డ్రమ్ లేదు, ఒక్క మౌత్ ఆర్గాన్, పట్టాల మీద రైలు పోతున్నట్టు. అయిపోయింది. ఈపో అంటాడని ఎదురుచూశాం. అంకుల్ గొంతు సవరించుకుని, "మళ్ళీ పెట్టు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రెండేళ్ళలో నా పాట ఒక్కటీ రెండోసారి మోగలేదు.

ఆ సంబరం పావుగంటే. కలిసి వాయించబోతే మౌత్ ఆర్గాన్ మాతో కలవలేదు. చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టుంది.

"తేడాగా ఉంది తంబీ."

"ఇది కంపెనీలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది అన్నా. దీనికి గిటార్‌కున్నట్టు బిరడాలుండవు, తిప్పడానికి."

"మరి మేం ముగ్గురం తప్పా?"

రెండో వారం అతను ఇంకో మౌత్ ఆర్గాన్ తెచ్చాడు. అదీ కలవలేదు. అంకుల్ చెప్పేశాడు. మరొక్క ఆదివారం చూస్తాను, కలవకపోతే రావద్దు అని. తువాస్ నుంచి వచ్చే మనిషికి ఆ రెండు గంటల గది తప్ప వాయించుకునే చోటు ఇంకోటి లేదని ఆయనకి తెలుసు. మాకందరికీ తెలుసు.

ఆ వారంలోనే ఇంట్లో, క్యాసెట్లో ఉన్న ఆ పాటే ఫోన్లో పెట్టుకుని బేస్ కలపబోయాను. కలవలేదు. మొదట నా బేస్‌ని అనుమానించాను, తర్వాత నా చెవిని. చివరికి ట్యూనర్ బయటికి తీశాను. అసలు పాట చక్కగా శ్రుతిలో ఉంది, మాకంటే కొంచెం వేగంగా కూడా. మా శ్రుతే పియానోలో ఏ మెట్టుకీ చెందక, రెండు మెట్ల సందులో పడుకుని ఉంది. టేప్‌రికార్డర్ లోపల బెల్టు సాగిపోయి నెమ్మదిగా తిరుగుతోందన్నమాట. మౌత్ ఆర్గాన్ ఒక్కటే సరిగ్గా ఉంది.

ఫోన్ చేసి మెల్లగా చెప్పొచ్చు. ఆ ఆలోచన వచ్చింది కూడా. దాన్ని మర్యాదగా పంపించేసి ఆదివారం కోసం కూర్చున్నాను.

నా వంతు రాగానే అసలు పాట పెట్టాను. నోరెత్తకూడదన్నది అందరి నియమం కదా. నాలుగు నిమిషాలు ఆయన తన ప్రాణంలాంటి పాటని వేరే శ్రుతిలో, వేరే నడకలో, కదలకుండా వినాల్సొచ్చింది. నేను ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను. పాట ఆగింది.

"ఇది ఈపోలో విన్నారా అంకుల్?"

"స్పీడ్ పెంచారు. ఇప్పటివాళ్ళకి ఓపిక లేదు."

"నెట్‌లో మూడు చోట్ల చూశాను. మీ టేప్‌రికార్డరే తగ్గించింది. ఎక్కడ కొన్నారు?"

"ఇక్కడే. ఇరవై ఏళ్ళయింది. సెకండ్ హ్యాండ్."

"అయితే మీ నాన్నగారు విన్నది కూడా మీ క్యాసెట్ శ్రుతి కాదు."

జోకులాగే అన్నాను. ఎవరూ నవ్వలేదు. డ్రమ్మరు పిల్ల, "వై యు లైక్ దట్?" అని, ఎందుకిలా చేస్తావన్నట్టు నావైపు చూసింది. అంకుల్ టేప్‌రికార్డర్ మూత మీద దుమ్మేమీ లేకపోయినా తుడిచాడు.

"ఈ గదిలో శ్రుతి ఇదే. ఉండేవాళ్ళు ఉండొచ్చు." తర్వాత మౌత్ ఆర్గాన్ వైపు తిరిగాడు. "నువ్వు కలిపితే రా. లేదంటే వద్దు."

బస్‌స్టాప్ దాకా అతని వెంట నడిచాను. గెలిచామన్న ఊపులో ఉన్నాను.

"అన్నా, రుజువైపోయింది. రైట్ నువ్వే."

ఆగాడు. "నాను రైటని ఎవులు సెప్పమన్నారు నిన్ను?"

"నీ కోసమే కదా చేశాను."

"నా కోసమా? నీ సరదాకి సేసినావు. మీ ఇద్దరూ కొట్టుకోడానికి నాను దొరికినాను. ముందురోజు ఆ మనిషిని పక్కకి పిలిసి సెప్పుంటే ఈపాటికి వాయించుకుందుము. ఇప్పుడాయన సచ్చినా మారడు. ఏటి మిగిలింది నాకు?"

బస్సు వచ్చింది. ఎక్కేశాడు.

మరుసటి ఆదివారం వస్తాడనుకోలేదు. మాకంటే ముందే వచ్చి నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో మౌత్ ఆర్గాన్, మరలు విప్పేసి. పక్కన చిన్న స్క్రూడ్రైవరు, బ్లేడు ముక్క. లోపలి ఇత్తడి రేకు మొదట్లో గీకితే శ్రుతి దిగుతుందట. మా రిహార్సల్ ఫోన్లో రికార్డ్ చేసుకెళ్ళి, చాలా రేకులు డార్మిటరీలోనే గీకేశాడు. మిగిలినవాటికి అసలు క్యాసెట్ కావాలన్నాడు. పెట్టమని అడగలేదు, కావాలన్నాడు.

అంకుల్ పెట్టాడు. అతను వింటాడు, ఊదుతాడు, విప్పుతాడు, గీకుతాడు. అంకుల్ వెనక్కి తిప్పి మళ్ళీ పెడతాడు. "బుకింగ్ నాలుగింటిదాకానే లా" అని డ్రమ్మరు మూడుసార్లంది. ఆ రోజు ఎవరూ పాట తేలేదు, తెచ్చినా ఎవరూ అడగలేదు.

మూడింపావుకి నేను తప్ప ముగ్గురూ మొదలుపెట్టారు. కలిసింది. నేను ఆ వారం నిరసనగా బేస్‌ని ట్యూనర్‌తో అసలు శ్రుతికి పెంచుకుని వచ్చాను. రెండో చరణంలో వేలు పెట్టాను. చెవిలో పుల్ల.

అంకుల్ చెయ్యెత్తి ఆపాడు. "బేస్ తేడాగా ఉంది." ఆ మాట అనడానికి వారం రోజులు ఎదురుచూసినట్టు, ఎంత నెమ్మదిగా అన్నాడో.

మౌత్ ఆర్గాన్ వైపు చూశాను, సాయానికి. "అన్నా, అలా గీకేశాక అది ఇంకెక్కడా పనికిరాదు కదా?"

"నాకింకెక్కడుంది?" అన్నాడు. "దించు. టైమైపోతంది."

నాలుగు తీగలూ దించాను. నేను సారీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అంకుల్ నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. డ్రమ్మరు పిల్ల కర్రలు కొట్టి నాలుగు లెక్కపెట్టింది.